పొయ్యిలోకి పోవలసిన చీటీలు

ల్యాబు రికార్డు చివర "ప్రయోగంలో జరిగిన పొరపాట్లు" అని ఒక శీర్షిక ఉంటుంది. మా పాలిటెక్నిక్ పిల్లలు అందరూ దాని కింద ఒకే వాక్యం రాస్తారు: "పొరపాట్లేమీ జరగలేదు." ఏడాదిగా ఆ వాక్యం కింద సంతకాలు పెడుతున్నాను. మొన్న ఒక రికార్డు మీద పెన్ను పెట్టి ఆగిపోయాను. నా సొంత రికార్డులో ఆ శీర్షిక కింద ఇంకా ఏమీ రాయలేదని గుర్తొచ్చింది. ఇది దానికోసం.

ఉద్యోగ జ్ఞాపకాలు మామూలుగా పింఛను తీసుకునేవాళ్లు రాస్తారు. నాకు ముప్పై ఒకటి. అయినా ఒక ఉద్యోగం నుంచి మాత్రం పూర్తిగా విరమించుకున్నాను కాబట్టి ఆ మేరకు హక్కుందనుకుంటాను.

ముందే ఒక మాట. ఇందులో ఎవరి పేరూ ఉండదు, ఇది జరిగిన పల్లె పేరూ ఉండదు. ఒకామె జబ్బును మార్చాను, ఆమె చేసే పనిని మార్చాను. దగ్గు అని రాసిన చోట అది దగ్గు కాకపోవచ్చు. ఎందుకు మార్చానో చివరికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

కర్నూలులో టైర్ల దుకాణం పైన మా ఆఫీసు. సాఫ్ట్‌వేర్ కంపెనీ అని బోర్డు. ఉన్నది ఐదుగురం. మా సారు యాభై దాటిన మనిషి. అంతకుముందు ఇరవై ఏళ్లు ఎరువుల కంపెనీ తరఫున తిరిగినవాడు. కర్నూలు, కడప జిల్లాల్లో ఏ పల్లెలో ఏ మలుపు దగ్గర మంచి టీ దొరుకుతుందో చెప్పగలడు. ఆ తిరుగుడులోనే ఆయనకో సంగతి కనిపించింది. ఈ పల్లెల్లో తాతల కాలం నాటి చర్చిలు ఉన్నాయి, ఆ చర్చిలకు పోయేవాళ్ల చేతుల్లోకి ఇప్పుడు ఫోన్లు వచ్చాయి, ఆ రెండింటినీ కలిపే యాప్ మాత్రం లేదు. తను ఏటా కార్తీకంలో మహానందికి పోయి కోనేట్లో మునిగి వచ్చే మనిషి. "దేవుడి పని ఏ దేవుడిదైతే ఏంది తమ్ముడూ, మొదలుపెట్టు" అన్నాడు.

మొదలుపెట్టాను. పాటలు, ఆరాధన వేళలు, ప్రార్థన మనవులు. మొదటి రెండూ ఎవరైనా చేయగలరు. మూడోది నా సొంత ఆలోచన, నా గర్వం. మనవిని ఫోనులోకి మాట్లాడితే చాలు, అక్షరాలుగా మారి పాస్టరుగారి ఫోనుకు చేరుతుంది. చదువు రానివాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి? చెప్పినవాళ్ల ఫోనులో ఆ గొంతు జాడ కూడా మిగలకుండా ఏర్పాటు చేశాను. మనవులను విభజించడానికి పదకొండు వర్గాలు, నలభై రెండు ఉపవర్గాలు తయారు చేశాను. నాకు జాబితాలంటే చిన్నప్పటి నుంచి ఇష్టం. మా అమ్మ నన్ను అంగడికి పంపేటప్పుడు తను చెప్పిన సరుకులను నేను వరుస మార్చి రాసుకునేవాణ్ని, దుకాణంలో ఏ అరలో ఏముందో దాన్నిబట్టి.

ఒకటే ఇబ్బంది. మాటను అక్షరంగా మార్చే ఆ సాఫ్ట్‌వేర్‌కు మన సీమ మాట కొత్త. "ఉండాది", "చేస్తాండా" అనగానే తడబడేది. అందుకని గొంతులన్నీ మేమే విని దిద్దాల్సి వచ్చింది. మేమంటే నేనూ, ఫోన్లు చూసుకునే మా ఆఫీసు అక్కా. ఆమెది కడప. హెడ్‌ఫోన్లు పెట్టుకుని రెండు రోజులు వింది. మూడో రోజు తీసి బల్ల మీద పెట్టేసింది.

"ఏమప్పా ఇంజనీరూ, వాళ్లు దేవునితో మాట్లాడతాండారు. మధ్యలో మనమేంది?"

"మనం అక్షరాలు దిద్దుతున్నామక్కా, అంతే."

"నాకైతే తలుపు సందులోంచి చూసినట్టుండాది. నేను చేయను. నువ్వే చేసుకో."

నేనే చేసుకున్నాను. అన్నీ విన్నాను.

ఇప్పుడు ఆ పల్లె. జమ్మలమడుగు దాటి ఇంకా లోపలికి పోవాలి. నాపరాళ్ల గనులు, నాపరాళ్ల గోడలు, నాపరాళ్ల చర్చి. అక్కడ తరతరాలుగా ఒక ఆచారం ఉంది. నెలలో మొదటి ఆదివారం ప్రేమ విందు ఉంటుంది. ఆ రోజు ప్రార్థన మనవులు చీటీల మీద రాసి బలిపీఠం ముందు ఒక మట్టి ముంతలో వేస్తారు. పాస్టరుగారు వాటిని చదవరు. ముంత మీద చేయి పెట్టి ప్రార్థన చేస్తారు. తర్వాత ఆ చీటీలను విందు వండే పొయ్యిలో వేస్తారు. అన్నం ఆ మంట మీదే ఉడుకుతుంది.

రాయడం రానివాళ్లకు రాసిపెట్టేది ఒకరే. రిటైరైన టీచరమ్మ. డెబ్బై దాటింది, ఒంటరిది, సన్నగా నిటారుగా ఉంటుంది. చర్చి వెనక వసారాలో పీట మీద కూర్చుంటే ఒక్కొక్కరూ వచ్చి చెవిలో చెప్తారు. రాసి, నాలుగు మడతలు పెట్టి వాళ్ల చేతికే ఇస్తుంది.

యాప్ పెట్టడానికి మొదటిసారి పోయినప్పుడు ఆమె నా పక్కనే కూర్చుని అంతా చూసింది. తర్వాత అడిగింది.

"ఇది మాట్లాడితే యాడికి పోతాది నాయనా?"

"సర్వర్‌కు పోతుందమ్మా. అక్కడి నుంచి అయ్యగారి ఫోనుకు."

"అయ్యగారు చదువుతారా?"

"చదవొచ్చు."

"ఇన్నాళ్లూ చదవలేదే." నా చేతిలోని ఫోను చూపించి, "మరి కాల్చేది ఎప్పుడు?" అంది.

నేను నవ్వాను. డేటాను కాల్చరమ్మా, భద్రంగా దాచిపెడతాం అన్నాను. ఆ ఒక్క ప్రశ్నను నా జాబితాలో రాసుకుని ఉంటే ఈ కథ ఉండేది కాదు.

నేను చేసిన పొరపాటు ఇది. ఒక నంబరు అంటే ఒక మనిషి అనుకున్నాను. నేను చదువుకున్న పుస్తకాలన్నీ అలాగే అనుకుంటాయి. ఆ పల్లెలో కొన్ని వీధుల్లో నాలుగిళ్లకు ఒక ఫోను. ఉప్పు అడిగినట్టు ఫోను అడిగి తీసుకుంటారు. గని దగ్గర ట్రాక్టరు తోలే ఒకాయన ఉన్నాడు. నోరు మంచిది, చేయి మంచిది, బడి కమిటీలో సభ్యుడు కూడా. ఆయన ఫోను ఆ వీధి మొత్తానికి గోడ మీద దీపం లాంటిది. ఆయన పక్కింటామె బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండుతుంది. ఆమె ఒకరోజు ఆ ఫోను అడిగి తీసుకుని, పెరట్లోకి పోయి మనవి చెప్పుకుంది.

దాన్ని నేను మూడుసార్లు విన్నాను, అక్షరాలు సరిగా రావాలని.

"దేవా, మందులు అయిపోవచ్చినాయి. పని చేసుకోవచ్చు, ఎవురికీ అంటుకోదు అని డాక్టరమ్మ చెప్పింది. ఊర్లో తెలిస్తే నన్ను పొయ్యి కాడికి రానీరు. ఈ దగ్గు సంగతి బయటికి రాకుండా చూడు సామీ."

నేను దానికి పెట్టిన వర్గం: ఆరోగ్యం. ఉపవర్గం: ఊపిరితిత్తులు. ఆమె అడిగింది ఆరోగ్యం కాదు. ఎవరికీ తెలియకుండా ఉండడం. నా నలభై రెండు ఉపవర్గాల్లో దానికి చోటు లేదు.

ఒక ప్రైవేటు ఆసుపత్రి వాళ్లు మా సారును కలిశారు. పల్లెల్లో ఉచిత శిబిరాలు పెడతాం, ఎక్కడ ఏ జబ్బులున్నాయో చెప్పండి అన్నారు. సారుకు అది నిజంగా పుణ్యకార్యంలాగే తోచింది. వాళ్ల నాన్న జబ్బేమిటో తెలియకుండానే పోయాడట. "ఫోను నంబర్లు కూడా పెట్టి పంపొచ్చునా తమ్ముడూ?" అని నన్ను అడిగాడు. "ఒక్క నిమిషం పని సార్" అన్నాను. నిమిషం కూడా పట్టలేదు. సారు అడిగింది ఎంతసేపు పడుతుందని కాదని నాకు అప్పుడు తట్టలేదు. ఆయనకూ తట్టలేదు.

సినిమా సంగతి ఆ తర్వాతే వచ్చింది. పెద్ద పెద్ద టెక్నాలజీ కంపెనీలు జనం బతుకుల్లోకి ఎలా తొంగి చూస్తాయో, చూసినదాన్ని ఎలా అమ్ముకుంటాయో చూపించే ఇంగ్లీషు డాక్యుమెంటరీ ఒకటి సారు కంటపడింది. మరునాడు ఆఫీసులో అందరినీ కూర్చోబెట్టి చూపించాడు. చూస్తున్నంతసేపూ "అన్యాయం, అన్యాయం" అన్నాడు. అయిపోగానే ఆయన ముఖం వెలిగింది.

"దీన్ని చర్చిల్లో చూపిద్దాం. వాళ్లు ఇట్లాంటోళ్లు, మేము మీ కర్నూలోళ్లం, మాకు అట్లాంటి పాడు బుద్ధుల్లేవు అని చెప్దాం."

అక్క నా వైపు చూసింది. నేను కంప్యూటరు వైపు చూశాను. సారు మోసం చేయాలని అనలేదు. ఆయన దృష్టిలో ఆ సినిమా వేరే ఎవరి గురించో. నా దృష్టిలోనూ అంతే. సినిమాను పద్నాలుగు చోట్ల ఆపి తెలుగులో చెప్పాలని నిర్ణయించి, ఆ పద్నాలుగు చోట్లూ నిమిషాలతో సహా కాగితం మీద రాసుకున్నాను.

మొదటి ప్రదర్శన ఆ పల్లెలోనే. ఆదివారం మధ్యాహ్నం, ప్రేమ విందు అయ్యాక. కిటికీలకు గోనెపట్టాలు కట్టారు. బలిపీఠం పక్క గోడకు తెల్ల దుప్పటి. అరవై మంది దాకా చాపల మీద కూర్చున్నారు. సినిమా అంటే పాటలుంటాయేమోనని వచ్చినవాళ్లు కొందరు, లేవని తెలిసినా లేవలేదు. బయట ఎండ అట్లాంటిది.

ఆరోచోట ఆపాను. కాగితంలో ఉన్నట్టే చెప్పాను. "మీ ఇంట్లోవాళ్లకు తెలియని జబ్బు కూడా ఈ కంపెనీలకు తెలిసిపోతుంది. తెలిసినదాన్ని ఇంకొకరికి ఇస్తారు."

ట్రాక్టరాయన చెయ్యెత్తాడు.

"నిజమే సారూ. నాకు లేని దగ్గు గూడా వాళ్లకు తెలిసిపోయింది."

అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన హుషారుగా లేచి నిలబడ్డాడు.

"నాలుగు దినాల నుంచి ఎవురో పిల్ల ఫోను జేస్తాది. అంకుల్, మీ దగ్గు ఎట్లుంది, పరీక్షకు ఎప్పుడొస్తారు అంటాది. నాకు దగ్గే లేదమ్మా అంటే, దాచుకోవద్దు అంకుల్ అంటాది. మా ఇంటామె గూడా నన్ను ఇంత ప్రేమగా ఎప్పుడూ అడగల్యా."

"నీ మొగానికి అదే ఎక్కువ" అంది ఆయన భార్య. చర్చి మొత్తం నవ్వింది. నేనూ సగం నవ్వాను. ఆ మిగతా సగం లోపలే ఆగిపోయింది. ఆ పిల్ల ఏ ఆసుపత్రి నుంచి ఫోను చేస్తోందో నాకు తెలుసు.

అప్పుడు వెనక నుంచి ఒక మగ గొంతు, ఏ చెడ్డ ఉద్దేశమూ లేకుండానే అంది. "నీది కాకపోతే ఇంకెవురిదో అప్పా. నీ ఫోను ఈదంతా వాడతాది గదా. దాన్లో ప్రార్థన జెప్పినోళ్లు ఎవురెవురు?"

ట్రాక్టరాయన వేళ్లు మడవడం మొదలుపెట్టాడు. "మా ఇంటామె ఒకటి. ఎదురింటి తాత ఒకటి..."

వంట చేసే ఆమె స్తంభం దగ్గర కూర్చుని ఉంది. ఆమెను అంతకుముందు చూడలేదు. అన్నం గంటె ఇంకా చేతిలోనే ఉంది. ఆమె దాన్ని చాప మీద పెట్టిన తీరు చూసి తెలుసుకున్నాను. అంత నెమ్మదిగా ఎవరూ గంటెను కింద పెట్టరు.

నా దగ్గర మూడు జవాబులున్నాయి. ఒకటి: అది రాంగ్ నంబరు, పట్టించుకోవద్దు. దాంతో ఆమె బతుకుతుంది, మా కంపెనీ కూడా బతుకుతుంది. రెండు: అది మా యాప్ నుంచే పోయింది. నిజం. కానీ నిజం చెప్పిన మరుక్షణం ఆ వేళ్ల లెక్క ఆమె దగ్గరే ఆగుతుంది. మూడు: ఏమీ మాట్లాడకుండా సినిమాను ముందుకు నడిపించడం. నా చేయి మూడోదాని వైపు పోయింది. ఆ మాట ఒప్పుకోవాలి.

"వేళ్లు ముడవడం చాలించప్పా" అంది టీచరమ్మ. "ఆ దగ్గు నాది."



ట్రాక్టరాయన వేళ్లు అట్లాగే ఉన్నాయి. "నువ్వు ఫోను ముట్టవు గదా టీచరమ్మా?"

"మీ ఇంట్లో ఎవురూ లేనప్పుడు ముట్టినా. మీ అందరి చీటీలూ నేను రాస్తాను. నాది ఎవురు రాయాల?"

ఆమె పక్కన కూర్చున్న ఇద్దరు ఆడవాళ్లు చాప మీద కొద్దిగా, జానెడు మేర, అటు జరిగారు. ఆమె చూసింది. చూడనట్టే ముందుకు చూస్తూ కూర్చుంది.

ఇక నాకు రెండో జవాబు చెప్పడం తేలికైంది. తేలికైన తర్వాతే చెప్పాను, అందుకని అందులో నా గొప్పేమీ లేదు. "ఆ ఫోన్లకు కారణం మేమే. మా యాప్‌లో మీరు మాట్లాడినవన్నీ నేను విన్నాను. జాబితా చేసి ఆసుపత్రికి పంపింది నేనే. పంపే ముందు మిమ్మల్ని అడగలేదు."

పాస్టరుగారు దుప్పటి మీద ఆగిన బొమ్మను వేలితో చూపించారు.

"అయితే ఈ సినిమా మీ మీద తీసిందేనా సారూ?"

"వాళ్లు చాలా పెద్ద కంపెనీలు అయ్యగారూ. మేము ఐదుగురం."

"చిన్న పామునైనా పెద్ద కర్రతో కొట్టాలంటారు గదా" అంది ఆ వెనక గొంతు. ఈసారి ఎవరూ నవ్వలేదు. కొట్టనూ లేదు. కాసేపటికి ఎవరో ముసలాయన విసుగ్గా, "సరే, మిగిలింది పెట్టప్పా. ఆ కంపెనీలోళ్లకు ఏమైతాదో చూడాల" అన్నాడు. పెట్టాను. మిగతా ఎనిమిది చోట్లూ ఆపి చెప్పాను. ఆ కంపెనీలకు చివరికి ఏమీ కాలేదు. ముసలాయన లేచి, "అనుకున్నా" అంటూ వెళ్లిపోయాడు.

చర్చి మెట్ల మీద కూర్చుని ఒక్కొక్క ఫోనులోంచి మా యాప్ తీసేశాను. వరుస అయిపోయాక వంటామె టీ తెచ్చింది. ఆమెకు ఫోను లేదు. గ్లాసు నా చేతికిచ్చి, చుట్టూ చూసి, మెల్లగా అడిగింది.

"అంతా విన్యావా నాయనా?"

"విన్నానమ్మా."

"మర్సిపో."

మరునాడు ఆఫీసులో సారుకు చెప్పాను. ఆయన మొదట ఒప్పుకోలేదు. మంచికే కదా చేసింది అన్నాడు. పరీక్ష చేయించుకుంటే బతుకుతారు కదా అన్నాడు. అప్పుడు అక్క తన కుర్చీలోంచే అంది.

"సార్, మీకు షుగరుందని కింద టైర్ల దుకాణంలో చెప్పొస్తాను. మీ మంచికే. రోజూ వాళ్లు మీకు మిఠాయి పెట్టకుండా ఉంటారు."

సారు ముఖం ఎర్రబడింది. ఆయనకు షుగరున్నట్టు నాకు ఆ రోజే తెలిసింది. తర్వాత ఫోను తీసి ఆసుపత్రికి ఆయనే మాట్లాడాడు, తగ్గి, బతిమాలుతున్నట్టు. మా జాబితా తీసేస్తామని వాళ్లు చెప్పారు. వారం తర్వాత ట్రాక్టరాయనకు మళ్లీ ఫోను వచ్చింది. ఈసారి పిల్ల వేరే, ఊరు వేరే. మా జాబితా మా చేతుల్లోంచి పోయి, వాళ్ల చేతుల్లోంచి కూడా పోయింది. ఎక్కడిదాకా పోయిందో ఈ రోజుకీ నాకు తెలియదు. ల్యాబులో నా పిల్లలకు ఇంతకాలం "పంపు" అనే మీటను నొక్కడం నేర్పాను. దానికి తిరుగు మీట లేదని నేర్పలేదు.

మా దగ్గరున్న గొంతులు మూడు చోట్ల ఉన్నాయి: సర్వరులో, సారు ల్యాప్‌టాప్‌లో, నా పెన్‌డ్రైవ్‌లో. మూడూ చెరిపాను. పక్కన సారు, అక్క నిలబడి చూశారు. యాప్‌లో పాటలు, ఆరాధన వేళలు మాత్రమే మిగిలాయి. వాటి కోసం మా దగ్గరికి ఎవరూ రానక్కరలేదు. కొన్ని నెలలకు నేను బయటికి వచ్చేశాను. సారు నాకు మంచి ఉత్తరమే రాసిచ్చాడు. "నమ్మకస్తుడు" అని రాశాడు. దాన్ని ఇంతవరకు ఎక్కడా చూపించలేదు.

ఏడాది తర్వాత ఒక మొదటి ఆదివారం ఆ పల్లెకు పోయాను. ఎవరూ పిలవలేదు. బడి పొయ్యి దగ్గర ఇంకా ఆ వంటామే ఉందని ట్రాక్టరాయనే మాటల్లో చెప్పాడు. "ఆమె చేతి సాంబారు తినేకే మా పిల్లోళ్లు బడికి పోతాండారు" అన్నాడు. ఆయనకు ఏమీ తెలియదు. లేదా తెలిసి, వేళ్లు ముడవడం మానేశాడు. నేను అడగలేదు.

పొద్దున టీకి అందరికీ ఒకే రకం స్టీలు గ్లాసులు. టీచరమ్మకు మాత్రం అంచున ఎర్ర దారం కట్టిన గ్లాసు. విందులో ఆమె విస్తరి కూడా వరుసకు కాస్త ఎడంగానే. ఏడాదిగా అంతేనట. ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోయి పరీక్ష చేయించారు, ఏమీ లేదన్నారు. అయినా దారం తీయలేదు. ఆ దారం వైపే చూస్తున్నానని ఆమె గమనించింది.

"బాగుండాది నాయనా. నా గ్లాసు ఎవురూ ఎత్తుకపోరు" అంది. ఆ వెంటనే ఎవరో దగ్గరికి వస్తుంటే రెండుసార్లు దగ్గింది. సరిగా రాలేదు. ఏడాది సాధన చేసినా ఆమెకు దగ్గడం రాలేదు.

తర్వాత వసారాలో పీట మీద కూర్చుంది. యాప్ వచ్చాక మూలన పడిన ముంత మళ్లీ వచ్చింది. చెవిలో చెప్పేవాళ్ల వరుస కూడా మళ్లీ వచ్చింది. ఎడంగా విస్తరి వేసేవాళ్లే, చెవి దగ్గరికి మాత్రం వంగి వస్తున్నారు. చివర నేను నిలబడ్డాను.

"నీకు రాసేది రాదా?" అంది.

"వచ్చు."

ఒక చూపు చూసి, కాగితం మోకాలి మీద పెట్టుకుని, చెవి ఇటు తిప్పింది. వంగి చెప్పాను. రాసి, నాలుగు మడతలు పెట్టి నా చేతికిచ్చింది. ముంతలో వేశాను. పాస్టరుగారు చేయి పెట్టారు. వంటామె ముంత తీసుకుపోయి పొయ్యిలో ఒంపింది. అన్నం ఉడికింది, తిన్నాం.

ఏం చెప్పానో ఇక్కడ రాయను. దానికి ఇంకో ప్రతి లేదు.